కొండ నడకకు అర్ధబలమే కొలత

కార్తీక, మార్గశిర మాసాలు ప్రవేశించగానే మన ఇళ్లలో కొండ ప్రయాణాల ప్రస్తావన మొదలవుతుంది. అలిపిరి నుండి 3,550 మెట్లెక్కి తిరుమల చేరాలని ఒకరు, అహోబిలంలోని నవ నారసింహ సన్నిధులను కాలినడకన దర్శించాలని మరొకరు సంకల్పిస్తారు. అటువంటి సంకల్పంతో నా వద్దకు వచ్చేవారు అడిగే ప్రశ్న ఒకటే. "అరవై దాటాయి, మేము ఎక్కవచ్చునా?"

ఎక్కవచ్చును. అయితే ఎంతవరకు అన్న కొలత తెలిసి ఎక్కాలి. ఆ కొలతను మన పూర్వాచార్యులు ఏనాడో నిర్ణయించి ఉంచారు.

అర్ధబలం అంటే ఏమిటి?

వ్యాయామం వలన శరీరానికి తేలికదనం, పని చేసే సామర్థ్యం, జఠరాగ్నికి దీప్తి, కొవ్వు కరగడం, అవయవాలకు గట్టిదనం కలుగుతాయని వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయంలోని దినచర్యాధ్యాయంలో చెప్పాడు. అంతటితో ఊరుకోలేదు. బలవంతులు, నెయ్యి నూనెలతో కూడిన ఆహారం తీసుకునేవారు సైతం చలికాలంలోను, వసంతంలోను తమ బలంలో సగం మేరకే వ్యాయామం చేయాలన్నాడు. తక్కిన ఋతువులలో అంతకంటే తక్కువ. వాతపిత్త రోగులు, బాలురు, వృద్ధులు, అజీర్ణంతో బాధపడేవారు దానిని మానుకోవాలని కూడ చెప్పాడు.

మరి వృద్ధులెవరు? చరక సంహిత 60 ఏండ్ల తరువాత వార్ధక్యమన్నది. సుశ్రుతుడు 70 దాటిన తరువాత అన్నాడు. ఈ రెండింటి నడుమ ఉన్న నావంటివారికి వయస్సు కన్న నిత్యాభ్యాసమే ప్రమాణం. ప్రతిదినం గంటసేపు నడిచే 66 ఏండ్ల మనిషి, కుర్చీ దిగని 45 ఏండ్ల మనిషి కన్న కొండకు అర్హుడు.

సగం బలం ఖర్చయిందని తెలుసుకునే గుర్తును సుశ్రుతుడు చెప్పాడు. ఊపిరి ముక్కుతో చాలక నోటికి వచ్చినప్పుడు అర్ధబలం పూర్తయినట్లు. దానితోపాటు నుదుట, ముక్కు మీద, చంకలలో చెమట పట్టడం, నోరు ఎండడం కూడ గుర్తులే. వీటిని చూచుకోవడానికి ఏ యంత్రమూ అక్కరలేదు.

నల్లమలలో ఒక పగలు

ఈ శాస్త్రవాక్యం ఎంత సత్యమో గత మార్గశిరంలో ఒక మిత్రునితో కలిసి అహోబిలం వెళ్లినప్పుడు మరొకసారి అనుభవానికి వచ్చింది. ఆయన లెక్కల మాస్టారుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. నాకన్న ఒక ఏడాది పెద్ద. చక్కెరవ్యాధికి కొన్నేళ్లుగా మాత్రలు వాడుతున్నారు. రెండేళ్ల క్రితం గతించిన ఆయన ఇల్లాలు ఎప్పుడో కట్టుకున్న ముడుపు ఒకటి ఇంట్లో మిగిలిపోయింది. దానిని ఉగ్రస్తంభం మీది పాదుకల వద్ద స్వయంగా సమర్పించాలని ఆయన కోరిక.

నంద్యాల జిల్లాలోని ఆళ్లగడ్డ మీదుగా దిగువ అహోబిలం చేరితే, అక్కడికి సుమారు 8 కిలోమీటర్లలో ఎగువ అహోబిలం ఉన్నది. ఇక్కడితో వాహనాల దారి ముగుస్తుంది. గరుడాద్రి, వేదాద్రి అని సంప్రదాయం పిలిచే కొండల నడుమ భవనాశిని ప్రవహిస్తుంది. ఆ ఏటిని పట్టుకొని వరాహ నారసింహుని దాటి, బండలు, మెట్లు, వంతెనల మీదుగా సాగితే జ్వాలా నరసింహ సన్నిధి వస్తుంది. ఆ దారిలోనే చీలి, నిలువునా లేచిన గట్టు మీదికి పోయే కాలిబాట ఉగ్రస్తంభానికి చేరుస్తుంది. స్తంభం చీలి నరసింహుడు ఆవిర్భవించిన చోటు అదేనని భక్తుల విశ్వాసం.

సూర్యోదయానికే బయలుదేరాము. దారి చూపడానికి ఒక చెంచు యువకుడు వెంట వచ్చాడు. మేకలు కాచేవారికి, అడవిలో తిరిగేవారికి ఓషధుల పేర్లు, రూపాలు తెలుస్తాయని చరక సంహిత మొదటి అధ్యాయంలోనే ఉన్నది. ఆ మాటకు నిదర్శనంగా అతడు కరక, తాని, ఉసిరి చెట్లను దూరం నుండే చూపించాడు. మనం అంగడిలో పొడిగా కొనుక్కునే త్రిఫల, వేరొక తీరున ఆ అడవిలో ఊపిరి పీల్చుకుంటూ నిలబడి ఉన్నది. తిప్పతీగ చెట్లకు అల్లుకొని ఉన్నది. ఎర్రచందనం చెట్టు మొసలి వీపు వంటి బెరడుతో కనిపించింది. వీటిలో ఒక ఆకు కూడ మేము కోయలేదు. అది రక్షిత అరణ్యం. చూచి ఆనందించవలసినదే తప్ప సంచిలో నింపుకోవలసినది కాదు.

రెండు గంటలు నడిచి, కొండ బాట చీలే చోటికి వచ్చేసరికి ఎదుట నల్లమల వరుసలు ఒకదాని వెనుక ఒకటి నీలంగా పరచుకొని కనిపించాయి. నేను ఆ శోభను చూస్తుండగా చెంచు యువకుడు నా చేయి తట్టి, "తాత అడుగు తప్పుతున్నాడు" అన్నాడు.

వెనుదిరిగి చూచాను. మాస్టారి వేళ్లు వణుకుతున్నాయి. నుదుట చెమట పట్టింది, అయితే తాకితే చల్లగా ఉన్నది. శ్రమ వలన పట్టే చెమట వెచ్చగా ఉంటుంది. "మాస్టారూ, మనం ఏ ఊరి నుండి వచ్చాము?" అని అడిగితే కొంతసేపు ఆలోచించి మరేదో చెప్పారు. రక్తంలో చక్కెర పడిపోయినదనడానికి ఈ మూడు గుర్తులు చాలును. బండ మీద కూర్చుండబెట్టి, వెంట తెచ్చిన గ్లూకోజు పొడి మూడు చెంచాలు నీళ్లలో కలిపి గుక్కగుక్కగా తాగించాను. పదిహేను నిమిషాలలో కనులలో తేజస్సు వచ్చింది. ఆ తరువాత జొన్నరొట్టె, వేరుశనగ పొడి తినిపించాను.

ఉదయం "ఫలహారం అయినదా?" అని నేను అడిగినప్పుడు అయినదని తల ఊపినవారు, అప్పుడు అసలు సంగతి చెప్పారు. ఆనాడు శనివారం. ఒక్కపొద్దు ఉన్నారు. మాత్ర మాత్రం వేసుకున్నారు.

"ఒక్కపొద్దు అని చెబితే మీరు కదలనిస్తారా స్వామీ?" అన్నారు.

హేమంతంలో జఠరాగ్ని మిక్కిలి బలంగా ఉంటుంది. దానికి తగిన ఆహారమనే ఇంధనం అందకపోతే అది ధాతువులనే దహిస్తుందని ఋతుచర్యలో చెప్పబడినది. అందునా చక్కెర తగ్గించే మాత్ర లోపల పనిచేస్తుండగా, కాళ్లు కొండ ఎక్కుతుండగా, కడుపు ఖాళీగా ఉంచడం ఏ దేవుడూ కోరని తపస్సు.

ఇక తిరిగిపోదామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "ఇప్పుడు బాగానే ఉన్నాను. ఇంతదూరం వచ్చి గట్టు ఎక్కకుండా పోవడమా? మళ్లీ రాగలనో లేనో" అని సంచిలోని పసుపు గుడ్డ మూటను తడుముకున్నారు. ఆ మాటకు బదులు చెప్పడం వైద్యునికి సులభమే. మిత్రునికి సులభం కాదు. కొంతసేపు మౌనంగా కూర్చున్నాను. తరువాత, "మీ బలంలో సగమే కొండకు ఇవ్వాలని శాస్త్రం" అన్నాను.

లెక్కల మాస్టారు వెంటనే పట్టుకున్నారు. "సగం అంటే ఎక్కడికి సగం స్వామీ? స్తంభం దాకానా, ఇంటి దాకానా?"

"ఇంటి దాకా" అన్నాను.

ఆయన పైకి చూచారు, మేము వచ్చిన దారి చూచారు. చెంచు యువకుడు తాను ముడుపు తీసుకుపోయి పాదుకల వద్ద ఉంచి వస్తానన్నాడు. మాస్టారు తల అడ్డంగా ఊపి, "వద్దు నాయనా. అయితే మళ్లీ రావలసినదే" అని మూటను లోపల పెట్టుకొని లేచారు. నెమ్మదిగా దిగి, మధ్యాహ్నానికి ఎగువ సన్నిధి చేరుకున్నాము.

శ్రమశ్వాసను ఆపరాదు

మలమూత్రాలు, తుమ్ము, ఆవులింత, ఆకలి, దప్పిక, నిద్ర వంటి సహజ వేగాలను ఆపరాదని మన పాఠకులు ఎరుగుదురు. చరకుడు చెప్పిన అట్టి 13 వేగాలలో శ్రమశ్వాస ఒకటన్నది మాత్రం చాలమంది గమనించరు. శ్రమ పడిన తరువాత వచ్చే ఆయాసాన్ని బలవంతాన అణచితే గుల్మం, హృద్రోగం, మూర్ఛ కలుగుతాయని ఆయన చెప్పాడు. దానికి చికిత్స విశ్రాంతి, వాతాన్ని శమింపజేసే ఉపచారాలు.

తోటివారి ముందు తగ్గరాదని ఆయాసాన్ని దాచుకోవడం, పడుచువారి అడుగుతో అడుగు కలపడం, మెట్ల లెక్క పెట్టుకొని ఆగకుండా పోవడం, ఇవన్నీ శ్రమశ్వాసను ఆపడమే. పక్కవానితో మాట్లాడుతూ నడవగలిగినంత వేగమే మీ వేగం. మాట తెగితే నిలబడండి. ఊపిరి ముక్కులోనికి తిరిగి వచ్చిన తరువాతనే కదలండి.

ప్రయాణానికి ముందు

1. కొండ ప్రయాణానికి మూడు మాసాల ముందు నుండి నడక అభ్యాసం చేయండి. మొదట సమతలం మీద 20 నిమిషాలు, క్రమంగా గంట. చివరి మాసంలో ఇంటి మేడమెట్లు ఎక్కి దిగడం కలపండి.

2. 60 దాటినవారు, రక్తపోటు, చక్కెరవ్యాధి, గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారు తమ వైద్యుని సంప్రదించి గుండె పరీక్ష చేయించుకోవాలి. ఆనాడు మాత్ర ఏ మోతాదులో వేసుకోవాలో ఆయననే అడగాలి. సొంతంగా మానడం, తగ్గించడం కూడదు.

3. వారం రోజులు నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి మోకాళ్లకు, పిక్కలకు, అరికాళ్లకు మర్దన చేసుకోండి.

4. ఉపవాసంతో కొండ ఎక్కకండి. బయలుదేరడానికి గంటన్నర ముందు ఇడ్లీ గాని, పెసరపప్పు పొంగలి గాని మితంగా తినండి. కడుపు నిండా తిని వెంటనే ఎక్కడం కూడ దోషమే.

దారిలో

నీటిని ఒకేసారి కాక, పావుగంటకొకసారి రెండు గుక్కలు తాగాలి. చెమట అధికంగా పట్టినవారికి లీటరు నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి ఇవ్వవచ్చును. చక్కెరవ్యాధి లేనివారికి పానకం శ్రేష్ఠం. లీటరు నీటిలో 100 గ్రాముల బెల్లం కరిగించి వడగట్టి, పావు చెంచా శొంఠి, పావు చెంచా మిరియాల పొడి, రెండు యాలకులు చేర్చాలి. బెల్లం బలాన్నిస్తుంది, శొంఠి మిరియాలు అగ్నిని నిలుపుతాయి. నరసింహ క్షేత్రాలలో పానకం నైవేద్యం కావడంలో వైద్యదృష్టి కూడ ఉన్నదని నా అభిప్రాయం.

చక్కెరవ్యాధికి మందులు వాడేవారు గ్లూకోజు పొడిని చేతికందేటట్లు ఉంచుకోవాలి. అది ఎక్కడున్నదో తోడు వచ్చినవారికి తెలియాలి. మొదటి మోతాదుతో పావుగంటలో తేరుకోకపోతే మరొకసారి ఇవ్వాలి. స్పృహ తప్పినవారి నోట మాత్రం ఏమీ పోయరాదు.

తిరిగి వచ్చిన తరువాత

ఆ రాత్రి గోరువెచ్చని నీటితో స్నానం చేసి, అరికాళ్లకు నువ్వుల నూనె రాసుకొని పడుకోవాలి. మోకాళ్లు నొచ్చితే వావిలి ఆకులు నీటిలో కాచి, ఆ నీటితో కాపడం పెట్టుకోండి. చక్కెరవ్యాధి వలన పాదాలలో స్పర్శ తగ్గినవారు వేడినీటిలో కాళ్లు పెట్టరాదు. కాలినా వారికి తెలియదు. వారు పాదాలను, వేళ్ల సందులను వెలుతురులో పరీక్షించుకోవాలి.

ఇంటివైద్యం పనికిరాని సందర్భాలు

నడుస్తుండగా రొమ్ము మధ్య బరువు, నొక్కినట్లు నొప్పి, అది ఎడమ చేతికో దవడకో పాకడం, విశ్రమించినా తగ్గని ఆయాసం, కళ్లు చీకట్లు కమ్మడం, మాట తడబడి తగ్గకపోవడం కనిపిస్తే శొంఠి, మిరియాలు వెదుకుతూ కాలం వృథా చేయకండి. నడిపించకండి. డోలీలో గాని, చేతుల మీద గాని దించి ఆసుపత్రికి చేర్చండి. వైద్యుడెవరైనా మొదట చెప్పవలసిన మాట ఇదే.

మా మాస్టారు ఊరికి వచ్చిన వారంలోనే తమ వైద్యునికి ఈ సంగతి చెప్పారు. ఆయన మాత్ర మార్చి ఇచ్చారు. నాటి నుండి ప్రతి ఉదయం ఫలహారం చేసి మాస్టారు చెరువుకట్ట మీద నడుస్తున్నారు. శనివారం నాడు ఒక్కపొద్దు మానలేనంటే, పగలు భోంచేసి రాత్రి పాలు, పండుతో సరిపెట్టుకోవడానికి ఒప్పించాను. ముడుపు దేవుని గూటిలో భద్రంగా ఉన్నది.

పాఠకులారా, కొండ ఎక్కడికీ పోదు. ఈ ఏడు సగం వరకు వెళ్లినవారు, అభ్యాసం చేసి వచ్చే ఏడు మరికొంత ఎక్కవచ్చును. మీ బలం ఎంతో తెలుసుకొని, దానిలో సగాన్ని ఇంటికి తిరిగి వచ్చే దారి కోసం దాచుకొని ప్రయాణం కట్టండి. ఆయురారోగ్యాలు మీ వెంట ఉంటాయి.