ఏటి గట్టున మొక్క: నాటేది ఒక్కరోజు, కాసేది మూడేళ్ళు

ఏటి ఒడ్డున పొలం ఉన్న రైతుకు పాసుపుస్తకంలో రాసిన సెంట్లు వేరు, నాగలి తిరిగే సెంట్లు వేరు. పెద్ద వరద వచ్చిన ప్రతిసారీ గట్టు కొంత కోసుకుపోతుంది. పంట పోతే చూడడానికి వచ్చిన అధికార్లకు కుళ్ళిన వరి దుబ్బయినా చూపించవచ్చు. నేలే పోతే ఏం చూపిస్తాం? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన జిల్లాలో తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలిన సంగతి అందరికీ గుర్తుంది. అదే వానలకు వంశధార పొంగిన సంగతి మాత్రం ఒడ్డు రైతులకే ఎక్కువ గుర్తు.

గట్టు మట్టిని పట్టి ఉంచేది వేరు. సిమెంటు గోడ కట్టించడం చిన్న రైతు వల్ల అయ్యే పని కాదు. ఊరు కలిసి శ్రమదానం చేసి ఏటి గట్టున, గెడ్డ గట్టున మన నేల చెట్లు వేసుకోవడం మాత్రం చేతిలో పనే. అయితే ఇలా వేసిన మొక్కలు ఎక్కువగా మొదటి వేసవిలోనే ఎండిపోతుంటాయి. నాటిన రోజు వంద మంది వస్తారు, మాఘం దాటాక నీళ్ళు పొయ్యడానికి ఒక్కరూ రారు.

అందుచేత లెక్క వెనక నుంచి మొదలుపెట్టాలి. వంద మొక్కలకు వారానికి బిందెడు చొప్పున వంద బిందెలు కావాలి. కచ్చితంగా వచ్చేవాళ్ళు పది మంది ఉంటే తలకు పది బిందెలు. ఐదుగురే ఉంటే యాభై మొక్కలే నాటండి. ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా, కనీసం రెండు వేసవులు, ఇసుక నేలైతే మూడు వేసవులు ఇది తప్పదు. మన ఊళ్ళలో బిందెలు మోసేది ఆడవాళ్ళే కనుక, ఎన్ని మొక్కలన్న మాట తేల్చేటప్పుడు వాళ్ళను కూర్చోబెట్టుకోవాలి. మగవాళ్ళు రచ్చబండ మీద తేల్చేసిన లెక్క ఎండాకాలంలో నిలవదు.

ఇక ఏ చెట్టు వెయ్యాలన్నది. సంతబొమ్మాళి మండలం భావనపాడు పరిసరాల్లో ఈ ప్రశ్న తేలికైనది కాదు. పైనుంచి మంచినీరు వస్తుంది, కింది నుంచి పోటుకు సముద్రపు నీరు ఎక్కుతుంది. పక్కనే నౌపడ ఉప్పు మళ్ళు ఉన్నాయంటే ఇక్కడి నేల సంగతి వేరే చెప్పనక్కర లేదు. ఎగువ గెడ్డ గట్టున ఏపుగా పెరిగిన నేరేడును చూసి దిగువన ఉప్పుటేటి పక్కన వేస్తే ఆకు అంచులు మాడి చస్తుంది. ముందుగా చెయ్యాల్సింది ఒకటే. మార్చి, ఏప్రిల్ నెలల్లో నాటదలచిన చోట చెలమ తవ్వి, ఊరిన నీటిని నాలుక మీద వేసి చూడండి. ఉప్పు ఎక్కువ లోపలికి వచ్చేది అప్పుడే. వానాకాలంలో చూసి మంచినీరే అనుకుంటే మోసపోతాం.

పోటుకు మునిగి ఆటుకు తేలే బురద నేలలో మడ జాతి చెట్లకు తప్ప మరి దేనికీ చోటు లేదు. ఆ బురదలో వేరే మొక్కలు నాటి శ్రమ పాడుచేసుకోవద్దు. ఉన్న మడ చెట్లను కట్టెలకు నరక్కుండా ఉంటే అదే పెద్ద సాయం. బురద దాటి కొంచెం మెరక మీద, నీరు ఉప్పగా ఉన్న చోట పొన్న, గంగరావి, కానుగ, మొగలి, తాటి తట్టుకుంటాయి. నీరు చప్పగా ఉన్న ఎగువ గట్లకు ఏరుమద్ది, నేరేడు, మేడి, కానుగ మంచివి. ఏరుమద్ది పేరులోనే ఏరు ఉంది. కొన్నాళ్ళు కాళ్ళు నీళ్ళలో ఉన్నా దానికి ఇబ్బంది లేదు.

సరుగుడు మాటేమిటని మీరు అడగవచ్చు. సరుగుడు తోట వేసుకుని నాలుగు డబ్బులు చేసుకునే రైతును తప్పు పట్టడం లేదు. తీరంలో ఇసుక ఎగరకుండా అది ఆపుతుంది కూడా. కానీ తోటను ఒక్కసారే నరికి అమ్ముతాం. నరికిన ఏడాది గట్టు బోడిగా మిగిలితే వరద ఆగి చూడదు. గట్టుకు కావలసింది నరకనక్కర లేకుండా ఏటా ఏదో ఒకటి ఇచ్చే చెట్టు. కానుగ ఆకు పొలానికి పచ్చిరొట్ట, గింజ నూనెకు పోతుంది. నేరేడు పండు సంతకు పోతుంది. తాటి ముంజెల సంగతి చెప్పాలా?

నాటే తీరు చూద్దాం. నీటికి దగ్గరగా ఉన్న వాలు మీద చెట్లు కాకుండా వట్టివేరు, రెల్లు, వావిలి వేసుకోవాలి. వావిలి కొమ్మ ముక్కలు గుచ్చినా చిగురిస్తుంది, వరదకు వంగి మళ్ళీ లేస్తుంది. దాని వెనక గట్టు మీద కానుగ, ఏరుమద్ది వంటివి పది పన్నెండు అడుగుల ఎడంతో వెయ్యాలి. ఏటి నడుమ ఇసుక దిబ్బల మీద నాటొద్దు. మొక్కలు నిలవవు, నిలిచినా ప్రవాహం అవతలి గట్టుకు తిరిగి ఎదుటి రైతు పొలం కోస్తుంది. జలవనరుల శాఖ వేసిన కరకట్ట మీద కూడా నాటరాదు. పెద్ద చెట్టు గాలికి ఊగినా, దాని వేరు కుళ్ళినా కట్టలో కంత పడుతుంది. నీరు పట్టుకునేది ఆ కంతనే. కట్టకు దూరంగా ఎంత చోటు వదలాలో ఆ శాఖ వారినే అడిగి తెలుసుకోవాలి.

గుంతలు రోహిణి కార్తెలోనే తీసి పెట్టుకోవాలి. మూరెడు లోతు, మూరెడు వెడల్పు సరిపోతుంది. పైమట్టిలో రెండు గంపల చివికిన గత్తం కలిపి నింపాలి. రెండు మూడు మంచి వానలు పడ్డాక పునర్వసులో నాటుకోవచ్చు. ఉబాలు మొదలయ్యాయంటే ఎవరికీ తీరిక ఉండదు కనుక తేదీ ముందుగానే ఖాయం చేసుకోండి. నాటేటప్పుడు పాలిథీన్ సంచిని చించి తీసెయ్యాలి. చెప్పనక్కర లేని మాటే గానీ, సంచితో సహా పాతేసిన మొక్కలు తవ్విన కొద్దీ కనపడతాయి. చుట్టూ ముళ్ళకంప కట్టాలి. కానుగను గొడ్లు అంతగా ముట్టవు, మిగతా వాటికి మాత్రం కంచె లేకపోతే మేకలదే పండగ.

మొక్కల కోసం ఎవరి ముందూ చెయ్యి చాపనక్కర లేదు. కానుగ కాయలు, మద్ది కాయలు ఎండాకాలంలో చెట్ల కిందే దొరుకుతాయి. మద్ది కాయను మూడు నాలుగు రోజులు నానబెట్టి విత్తాలి. మొలకకు నెల పైనే పడుతుంది, రాలేదని పారెయ్యకండి. నేరేడు గింజ దాచితే పనికిరాదు, పండు తిన్న వారంలోనే సంచిలో పెట్టాలి. తాటి టెంకకు నర్సరీ కూడా అక్కర లేదు. పండు రాలే రోజుల్లో ఏరి, నేరుగా గట్టు మీద పాతడమే. నీళ్ళు మోసే చేతులు తక్కువగా ఉన్న ఊరికి తాటికి మించింది లేదు.

ఖమ్మం జిల్లా రెడ్డిపల్లికి చెందిన దరిపల్లి రామయ్యను 'వనజీవి' అని పిలిచేవారు. ఆయన పద్ధతీ ఇదే. జేబులో గింజలు, సైకిలు మీద మొక్కలు పెట్టుకుని తిరిగి కాలువ గట్ల మీద, రోడ్ల పక్కన వేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2025 ఏప్రిల్ 12న కన్నుమూశారు. ఆయనది పెద్ద రైతు కుటుంబమేమీ కాదు.

తగాదా వచ్చే చోట్లు రెండున్నాయి. మొదటిది నీడ. గట్టును ఆనుకున్న మడి గల రైతు తన వరి పాలిపోతుందని అంటాడు, అందులో న్యాయం ఉంది. అతని పక్క తాటి వెయ్యండి, గుబురు చెట్లను ఏటి వైపుకు జరపండి, కింది కొమ్మలు కోసుకునే హక్కు అతనికే ఇవ్వండి. రెండోది ఫలసాయం. పోరంబోకులో వేసిన చెట్టు నాటినవాడి సొంతం అయిపోదు. పండ్లు, ఆకు, ఎండుకొమ్మ ఎవరెవరికో పంచాయతీ తీర్మానంలో ముందే రాయించుకోవాలి. మూలపేట పోర్టుకు 2023 ఏప్రిల్లో శంకుస్థాపన జరిగిన తర్వాత భావనపాడు వైపు భూముల సంగతి మారింది. కనుక నాటబోయే చోటు ఎవరి కింద ఉందో రెవెన్యూ వారి దగ్గర చూసుకోకుండా గుంత తవ్వొద్దు.

చెట్టును ఊరు కాచుకోవడం మనకు తెలియని విద్య కాదు. టెక్కలి మండలం తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్ళు కట్టి పిల్లలను పెంచుతాయి. ఆ పక్షులు సైబీరియా నుంచి వస్తాయని చెప్పుకుంటారు గానీ, నిజానికి ఈ రెండూ మన దేశపు పక్షులే. అవి వస్తే ఊరికి మంచిదని నమ్మి జనం వాటి జోలికి పోరు, కొట్టరు, బెదరగొట్టరు. మన గట్టు మీద చెట్టుకు అటువంటి కాపలా మొదటి మూడు వేసవులు చాలు. ఆ తర్వాత దాని నీళ్ళు అదే వెతుక్కుంటుంది.

ఈ ఏడు పనిలోకి దిగదలచినవారు మార్చి పోకముందే చెలమ తవ్వి నీరు చూడండి. నీళ్ళు పోసే పది మంది పేర్లూ ఆ రోజే కాగితం మీద పెట్టండి.