ఉల్లికి ఒక బండి, పత్తికి ఒక బండి
పికప్పు కొనుగోలులో బరువు, బాడుగ, పన్ను లెక్కలు

కర్నూలు: 2025 సెప్టెంబరులో కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి ధర పడిపోవడంతో ప్రభుత్వం క్వింటాలు 1,200 రూపాయల చొప్పున కొనుగోలుకు దిగవలసి వచ్చింది. సరుకు ధర పడినంత మాత్రాన డీజిలు ధర పడదు, డ్రైవరు జీతం తగ్గదు. అదే నెల 22వ తేదీ నుంచి సరుకు రవాణా వాహనాలపై జి.ఎస్.టి. 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్నుకు ముందు 8 లక్షల ధర గల బండిపై ఇది 80,000 రూపాయల తగ్గింపు. సొంత పికప్పు కొందామా, బాడుగ బండ్లతోనే సరిపెట్టుకుందామా అని తూకం వేసే వర్తకులు ముందుగా తమ సరుకు ఏమిటో చూసుకోవాలి.

మార్కెట్లో లభించే బండ్లను మూడు తరగతులుగా చూడవచ్చు. మొదటిది ముప్పాతిక టన్ను తరగతి. 2005లో వచ్చిన టాటా ఏస్ ఈ కోవలోనిది. ఊరిలో, సందుల్లో, అంగడికి సరుకు చేర్చడానికి ఇది చాలు. రెండవది టన్నుంపావు నుంచి టన్నున్నర వరకు మోసేవి. 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్, టన్నున్నర మోసే టాటా ఇంట్రా వి50 ఇందులోకి వస్తాయి. మూడవది 1.7 నుంచి 2 టన్నుల తరగతి. మహీంద్రా బొలెరో పికప్పు, టాటా యోధ ఇందులో పోటీదారులు. యోధ 2.0 మోడలు 2022లో విడుదలైంది.

దూరప్రయాణంలో తేడా బయటపడుతుంది. కర్నూలు నుంచి హైదరాబాదుకు రానుపోను సుమారు 420 కిలోమీటర్లు. లెక్క సులువుగా ఉండేందుకు డీజిలు లీటరు 100 రూపాయలు అనుకుందాం. 1.7 టన్నుల బండి లీటరుకు 12 కిలోమీటర్లు ఇస్తే 35 లీటర్లు, అంటే 3,500 రూపాయలు. క్వింటాలుకు 206 రూపాయలు పడుతుంది. టన్నున్నర బండి 14 కిలోమీటర్లు ఇస్తే 3,000 రూపాయలు, క్వింటాలుకు 200. చిన్న బండి 18 కిలోమీటర్లు ఇచ్చినా మోసేది ఏడున్నర క్వింటాళ్లే కనుక క్వింటాలుకు 311 పడుతుంది. మైలేజి చూసి చిన్న బండి కొని దూరానికి తిప్పేవారికి గిట్టుబాటు కాకపోవడానికి కారణం ఇదే. తిరుగు ప్రయాణంలో సరుకు దొరికితే పై ఖర్చు దాదాపు సగమవుతుంది.

ఈ 206 రూపాయలు 1,200 ధర పలికే ఉల్లిలో 17 శాతం. 2025-26లో క్వింటాలు 7,263 రూపాయల మద్దతు ధర గల వేరుశనగలో 3 శాతం లోపే. కనుక ఉల్లి, టమోటా వర్తకులకు ప్రతి బస్తా లెక్కే. వేరుశనగ, మిరప వర్తకులకు బండి రకం అంతగా లాభాన్ని కదిలించదు.

పత్తి సంగతి వేరు. ఆదోని యార్డుకు వచ్చే విడి పత్తి బరువు తూగక ముందే బాడీ నిండిపోతుంది. ఇక్కడ టన్నుల కంటే అడుగులు చూడాలి. ఏస్ బాడీ సుమారు 7 అడుగులు, దోస్త్ 8 అడుగులకు పైబడి, ఇంట్రా వి50 దాదాపు 10 అడుగులు ఉంటాయి. పత్తికి పొడవైన బాడీతో టన్నున్నర బండి సరిపోతుంది. రెండు టన్నుల శక్తికి డబ్బు పోయడం అనవసరం.

పన్ను విషయంలోనూ సరుకును బట్టే లాభం. సరుకు రవాణా వాహనంపై చెల్లించిన జి.ఎస్.టి.ని, పన్ను పడే సరుకుల వర్తకుడు ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు. ఎండు మిరప, పత్తి వర్తకులకు ఈ వెసులుబాటు ఉంది. అయితే ఆ పన్ను మొత్తంపై తరుగుదల కూడా చూపితే క్రెడిట్ రాదు. తాజా ఉల్లి, టమోటాలకు పన్ను లేదు కనుక, వాటిలో మాత్రమే వ్యాపారం చేసేవారికి బండి మీది 18 శాతం పూర్తిగా సొంత ఖర్చే.

బండి, సరుకు కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు దాటని వాహనానికి మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్ అక్కరలేదు. 1.7 టన్నుల తరగతి బండి సొంత బరువే టన్నున్నర దాటుతుంది కనుక ఈ మినహాయింపు దానికి వర్తించదు. కొనేముందు రిజిస్ట్రేషన్ పత్రంలో చూపే మొత్తం బరువు ఎంతో అడిగి తెలుసుకోవాలి. లైసెన్సు విషయంలో చిక్కు తీరింది. 7,500 కిలోల వరకు మొత్తం బరువు గల రవాణా వాహనాన్ని లైట్ మోటార్ వెహికల్ లైసెన్సుతో నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తీర్పునిచ్చింది.

బాడీకి పలకలు ఎక్కించి, కమాన్ కట్టలకు అదనపు పట్టీలు వేయించి మూడు టన్నులు నింపే అలవాటు నష్టదాయకం. 2019 సవరణ ప్రకారం అధిక బరువుకు జరిమానా 20,000 రూపాయలు, ఆపై అదనపు టన్నుకు 2,000. అసలు జరిమానాయే దాదాపు ఆరు హైదరాబాదు ట్రిప్పుల డీజిలుకు సమానం.

సరుకుతో పాటు మనుషులనూ తీసుకుపోవలసిన వారికి రెండు వరుసల సీట్ల బండ్లున్నాయి. బొలెరో క్యాంపరులో ఐదుగురు కూర్చుని, సుమారు టన్ను సరుకు వేసుకోవచ్చు. తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016లో ప్రారంభమైన ఇసుజు కర్మాగారం నుంచి డి-మాక్స్ ఎస్-క్యాబ్ వస్తోంది. పొలం, యార్డు, పెళ్లి అన్నింటికీ ఒకే బండి కావాలంటే ఇవి నప్పుతాయి. ఇసుజు వి-క్రాస్, 2022లో వచ్చిన టొయోటా హైలక్స్ ఇంకా ఖరీదైనవి. వాటిలో సరుకు కంటే సవారీకే ప్రాధాన్యం. క్వింటాలు లెక్కన బతికే వ్యాపారానికి అవి పొసగవు.

ఇక సొంతమా, బాడుగా అన్న ప్రశ్న. నెల వాయిదా 20,000, డ్రైవరుకు 15,000, బీమా, టైర్లు, మరమ్మతులకు 8,000 అనుకుంటే బండి కదలకపోయినా నెలకు 43,000 ఖర్చు. నెలకు 25 ట్రిప్పులు తిరిగితే క్వింటాలుకు 101 రూపాయలు, పదే తిరిగితే 253 పడుతుంది. డీజిలు కలిపితే మొదటిది 307, రెండవది 459. అంటే 1,200 రూపాయల ఉల్లిలో మూడో వంతుకు పైగా బండికే పోతుంది.

ఉల్లి దిగుబడి సీజనులో బండికి తీరిక ఉండదు. మిగతా నెలల్లో పని దొరకకపోతే వాయిదాలు మాత్రం ఆగవు. సీజను ముగిసిన తరువాత కూడా నెలకు ఇరవై ట్రిప్పుల పని చేతిలో ఉన్నవారికి సొంత బండి మేలు. లేనివారికి బాడుగ బండే క్షేమం.