టైరు సైజు మారితే మీటరు లెక్క ఏమవుతుంది?

కొన్నేళ్ల కిందట ఒక అధ్యయన కేంద్రంలో భౌతికశాస్త్రం సంపర్క తరగతి ముగిశాక ఒక విద్యార్థి నా దగ్గరకు వచ్చాడు. కారు నడుపుకుంటూ డిగ్రీ చదువుతున్న కుర్రాడు. తన కారును ఒక కార్యాలయానికి నెలవారీ అద్దెకు పెట్టాడు. కిలోమీటరుకు ఇంత అని లెక్క. రోజూ ఒకటే దారి, సాయంత్రం మీటరు చూసి ట్రిప్ షీటులో రాయడం, నెలాఖరున బిల్లు. ఆ దారి 100 కిలోమీటర్లు వచ్చేది, ఒక్కోసారి 101. టైర్లు అరిగిపోతే కొత్తవి, కాస్త వెడల్పువి వేయించాడు. మర్నాటి నుంచి అదే దారి 96 కిలోమీటర్లే చూపించసాగింది. అతను ఉన్నది ఉన్నట్టే రాశాడు. బిల్లులు చూసే గుమాస్తా మాత్రం, "అంటే ఇన్నాళ్లూ నాలుగు కిలోమీటర్లు ఎక్కువ రాశావా?" అని అడిగాడట.

"సార్, నేను అప్పుడూ అబద్ధం రాయలేదు, ఇప్పుడూ రాయడం లేదు. మరి తప్పు ఎక్కడుంది?" అన్నాడు. ఈ పాఠం అతని ప్రశ్నకు జవాబుగానే చదవండి. కోణీయ వేగానికీ రేఖీయ వేగానికీ ఉన్న సంబంధం మీరు ఇంతకుముందే నేర్చుకున్నారు. ఇక్కడ కావలసిన సూత్రం అదొక్కటే.

మీటరు దేన్ని కొలుస్తుంది?

కారులోని స్పీడోమీటరు రోడ్డును చూడదు. అది చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో మాత్రమే తెలుసుకుంటుంది. పాత కార్లలో గేరుబాక్సు నుంచి ఒక తీగ తిరుగుతూ వచ్చి డయలు వెనక ఉన్న చిన్న అయస్కాంతాన్ని తిప్పేది. ఆ అయస్కాంతం చుట్టూ ఉన్న అల్యూమినియం గిన్నెలో ఎడ్డీ కరెంట్లు పుట్టి, గిన్నెను తమతోపాటు లాగేవి. ఒక సన్నని స్ప్రింగు దాన్ని వెనక్కి లాగేది. రెండు లాగుళ్లూ సమానమైన చోట ముల్లు నిలిచేది. జర్మనీలో ఒట్టో షుల్జె 1902లో పేటెంటు పొందిన ఈ పద్ధతి దాదాపు శతాబ్దం పాటు నడిచింది. ఇప్పటి కార్లలో గేరుబాక్సు దగ్గరో చక్రాల దగ్గరో ఉండే సెన్సారు, పళ్ల చక్రం తిరిగేకొద్దీ విద్యుత్ స్పందనలను పంపుతుంది. కంప్యూటరు వాటిని లెక్కపెడుతుంది. పద్ధతి మారినా అది లెక్కపెట్టేది చుట్లనే.

చుట్లను వేగంగా మార్చాలంటే ఇంకో అంకె కావాలి.

వేగం = సెకనుకు చుట్లు × చక్రం ఒక చుట్టులో సాగే దూరం

కుడివైపు ఉన్న రెండింటిలో మొదటిది ఎప్పటికప్పుడు కొలిచినది. రెండోది కొలిచినది కాదు. ఫ్యాక్టరీలో, ఆ కారుకు నిర్ణయించిన టైరును బట్టి ముందుగా నమోదు చేసిన స్థిరాంకం. మీరు టైరు మార్చిన సంగతి ఆ స్థిరాంకానికి తెలియదు.

టైరు మీది అంకెలు

ఆ విద్యార్థి కారుకు కంపెనీ ఇచ్చిన టైర్లు 185/65 ఆర్15. ఇందులో 185 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే పక్కగోడ ఎత్తు వెడల్పులో 65 శాతం అని. చాలామంది దీన్ని కూడా మిల్లీమీటర్లే అనుకుని పొరబడతారు. ఆర్ అంటే రేడియల్ టైరు. 15 రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. ఒకే టైరు మీద మిల్లీమీటర్లు, శాతం, అంగుళాలు మూడూ కలిసి ఉండటం ఎవరికీ సుఖం కాదు కానీ, లోకమంతా దీనికి అలవాటు పడిపోయింది.

పక్కగోడ ఎత్తు = 185 × 0.65 = 120.25 మి.మీ.
రిమ్ము వ్యాసం = 15 × 25.4 = 381 మి.మీ.
టైరు వ్యాసం = 381 + (2 × 120.25) = 621.5 మి.మీ.

పక్కగోడను రెండుసార్లు కలపాలి, ఎందుకంటే రిమ్ముకు పైనా ఉంది, కిందా ఉంది. జవాబు పత్రాల్లో ఎక్కువగా కనిపించే పొరపాటు ఇదే.

అతను వేయించినవి 205/65 ఆర్15. రిమ్ము మారలేదు, 65 కూడా మారలేదు, కాబట్టి వెడల్పు తప్ప ఏమీ మారలేదని దుకాణంలో చెప్పారట. కానీ 65 అనేది వెడల్పులో శాతం కదా! వెడల్పు పెరిగితే ఎత్తూ పెరుగుతుంది. పక్కగోడ 133.25 మి.మీ., టైరు వ్యాసం 647.5 మి.మీ. అవుతాయి.

647.5 ÷ 621.5 = 1.0418

అంటే కొత్త చక్రం ఒక్కో చుట్టుకు 4.18 శాతం ఎక్కువ దూరం సాగుతుంది. బరువుకు నేలను ఆనిన చోట టైరు కాస్త అణుగుతుంది కనుక, అది దొర్లే దూరం వ్యాసం × 3.14 కంటే కొంచెం తక్కువ. రేడియల్ టైర్లకు 3.05 గుణకాన్ని వాడటం పరిశ్రమలో రివాజు. అయితే నిష్పత్తి తీసేటప్పుడు ఆ గుణకం పైనా కిందా కొట్టుకుపోతుంది. మన లెక్కకు వ్యాసాలు చాలు.

ఇప్పుడు 100 కిలోమీటర్ల దారిని చూడండి. చక్రం పెద్దదైంది, కాబట్టి తక్కువ చుట్లు తిరిగి ఆ దారిని పూర్తి చేసింది. మీటరు ఆ తక్కువ చుట్లను పాత చుట్టుకొలతతో హెచ్చించింది. 100 ÷ 1.0418 = 96. గుమాస్తాకు కనిపించిన అంకె ఇదే. నెలకు 25 రోజులు, నిజంగా 2,500 కిలోమీటర్లు నడిపితే బిల్లులో 2,400 పడతాయి. నూరు కిలోమీటర్ల కూలి పోయింది, దానికితోడు నింద మిగిలింది.

దిశ విషయంలో తడబడకండి. టైరు పెద్దదైతే మీటరు తక్కువ చూపిస్తుంది, కారు నిజంగా అంతకంటే వేగంగా పోతుంది. చిన్నదైతే దీనికి తలకిందులు.

అప్పుడు ముల్లు ఎందుకు సరిగ్గా ఉంది?

ఇదంతా చెప్పాక అతను మరో ప్రశ్న వేశాడు. నిజానికి ఈ పాఠంలో అసలు చిక్కు అక్కడే ఉంది. "సార్, ఫోనులో జీపీఎస్ పెట్టి చూశాను. పాత టైర్లతో మీటరు 100 చూపిస్తే ఫోను 96 చూపించేది. కొత్త టైర్లతో రెండూ 100 దగ్గర కలిశాయి. స్పీడోమీటరు బాగుపడితే, ఓడోమీటరు ఎలా చెడుతుంది?"

స్పీడోమీటరు ఎప్పుడూ అసలు వేగం కంటే తక్కువ చూపించకూడదని ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 39 చెబుతుంది. ఎక్కువ చూపించవచ్చు, దానికీ హద్దు ఉంది: అసలు వేగంలో పదో వంతు, దానికి గంటకు 4 కిలోమీటర్లు కలిపినంత. అసలు వేగం 80 అయితే మీటరు 80 నుంచి 92 దాకా ఎంతైనా చూపించవచ్చు, 79 మాత్రం కూడదు. టైరు అరుగుదల, గాలి, తయారీలో తేడాలు ఏవి వచ్చినా ముల్లు తక్కువ చూపించకుండా ఉండాలని తయారీదారులు కావాలనే కొంత ఎక్కువ చూపేలా అమరుస్తారు.

ఓడోమీటరుకు సాధారణంగా ఆ అదనం ఉండదు. అది చుట్లను చుట్టుకొలతతో హెచ్చించి కూడుకుంటూ పోతుంది, అంతే. కాబట్టి పాత టైర్లతో అతని కారులో దూరం సరైనది, వేగం కొంచెం ఎక్కువ. కొత్త టైర్లతో వేగంలోని ఆ ఎక్కువ, టైరు తెచ్చిన తక్కువతో రద్దయింది. దూరంలో రద్దు కావడానికి ఏమీ లేదు కనుక అక్కడ దోషం పూర్తిగా బయటపడింది. రెండు దోషాలు కలిసి ఒప్పుగా కనిపించడం ప్రయోగశాలలో మీరూ చూస్తారు. ఒక్క కొలత సరిపోయిందని పరికరాన్ని నమ్మకూడదని నేను పదేపదే చెప్పేది ఇందుకే.

పైగా ఆ అదనం రక్షణ కోసం ఉంచినది. మీటరు మీద 100 చూసి నడపడం అలవాటైన మనిషి ఇప్పుడు అదే ముల్లు దగ్గర 4.18 శాతం ఎక్కువ వేగంతో పోతున్నాడు. గతిజశక్తి వేగం వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి అది 8.5 శాతం పెరిగింది. బ్రేకు వేశాక ఆగడానికి పట్టే దూరమూ దాదాపు అంతే పెరుగుతుంది.

మైలేజీ పడిపోయిందన్న ఫిర్యాదు కూడా కొంత ఈ లెక్కలోదే. 50 లీటర్లకు మీటరు 800 కిలోమీటర్లు చూపిస్తే లీటరుకు 16. నిజంగా నడిచినవి 833, అంటే లీటరుకు 16.7. వెడల్పాటి టైరు కొంత ఇంధనం ఎక్కువ తాగడం నిజమే కానీ, మీటరు సరిచేయకుండా ఎంత తాగిందో చెప్పలేం.

సైజు మార్చకపోయినా

కొత్త టైరు మీద గాడి లోతు సుమారు 8 మి.మీ. ఉంటే, 1.6 మి.మీ.కు చేరగానే టైరు తీసేయాలి. అప్పటికి వ్యాసార్థం 6.4, వ్యాసం 12.8 మి.మీ. తగ్గుతాయి. 621.5లో అది 2 శాతం. అరిగిన టైరు చిన్న టైరే, కనుక మీటరు ఎక్కువ చూపిస్తుంది. మన విద్యార్థికి ఒక్కోసారి 101 రావడానికి కారణం ఇది. మీటరు వేసిన ఆటోలోనూ ఇదే సూత్రం. చక్రం చుట్లను బట్టే ఛార్జీ పడుతుంది కనుక ఆ మీటర్లకు తూనికలు కొలతల శాఖ తనిఖీ ఉంటుంది.

ముందు చక్రాలతో నడిచే కారులో గేరుబాక్సు సెన్సారు అందుకునేది రెండు ముందు చక్రాల సగటు వేగాన్ని. అందుకే ఒక వైపు మాత్రమే చిన్న స్టెప్నీ వేస్తే మీటరులో సగం దోషమే కనిపిస్తుంది. మీటరు మాట ఎలా ఉన్నా, చక్రాల వేగాలను పోల్చి పనిచేసే ఏబీఎస్‌కు జత కుదరని టైర్లు ఇబ్బందే.

రిమ్ము పెద్దది వేయాలని సరదా ఉంటే వ్యాసం మారకుండా చూసుకోవచ్చు. 195/55 ఆర్16 లెక్క మీరే కట్టండి: 406.4 + 214.5 = 620.9 మి.మీ. పాతదానికి ఒక మిల్లీమీటరు కూడా తేడా లేదు. అయితే డ్రైవరు తలుపు దగ్గర స్తంభానికి అంటించిన పట్టీలో కంపెనీ సూచించిన సైజు ఉంటుంది, ముందు అది చూడండి. మోయగల బరువును చెప్పే సంఖ్య కూడా తగ్గకూడదు.

ఆ విద్యార్థి చేత చేయించిన పరీక్ష చాలా సులువైనది. జాతీయ రహదారి మీద కిలోమీటరు రాళ్ల పక్కన 20 కిలోమీటర్లు నడిపి ఓడోమీటరు చూడమన్నాను. ఒకటి రెండు రాళ్లు చాలవు, దూరం పెరిగేకొద్దీ చదవడంలో దోషం శాతం తగ్గుతుంది. అతనికి 19.2 వచ్చింది. 20 ÷ 19.2 = 1.0417. టైరు అంకెల నుంచి కట్టిన లెక్కా, రాళ్ల నుంచి వచ్చిన లెక్కా కలిశాయి. ఆ కాగితం పట్టుకెళ్లి గుమాస్తా ముందు పెట్టాడు. టైర్లు మార్చేదాకా మీటరు అంకెను 1.04తో హెచ్చించి బిల్లు రాయడానికి ఒప్పుకున్నారు. మొదటి నెలది మాత్రం తిరిగి ఇవ్వలేదట.

అభ్యాసం: ఒక కారుకు 165/80 ఆర్14 టైర్లు తీసి 185/70 ఆర్14 వేశారు. వ్యాసం ఎంత శాతం మారింది? ఓడోమీటరు 5,000 కిలోమీటర్లు చూపించినప్పుడు కారు నిజంగా ఎంత దూరం నడిచింది? వీలైతే మీ ఇంట్లోని బండికి రాళ్ల పరీక్ష చేసి, అరిగిన టైర్లతో ఒకసారి, కొత్తవి వేశాక మరోసారి వచ్చిన అంకెలను నోటుపుస్తకంలో పక్కపక్కన రాయండి. నడిపేవారు మీటరు చూడకూడదు. చదవడం, రాయడం పక్క సీట్లో కూర్చున్నవారి పని.