డెలియా చిత్తు టేపులు

పిల్లలూ, ఇవాళ మీకు ఒక అటక మీద దొరికిన టేపుల కథ చెబుతాను. ఇంగ్లండులో రేడియో, టీవీల కోసం కొత్త కొత్త శబ్దాలు తయారుచేసిన డెలియా డెర్బీషైర్ అని ఒకావిడ ఉండేది. 2001 జులైలో, 64 ఏళ్ళ వయసులో పోయింది. ఆ తర్వాత ఇల్లు సర్దుతుంటే అటక మీద 267 టేపు చుట్టలు బయటపడ్డాయి. కార్న్‌ఫ్లేక్స్ లాంటివి వచ్చే అట్టపెట్టెల్లో కూరి ఉన్నాయవి. 2007లో అవి మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి చేరాయి. అక్కడివాళ్ళు దాదాపు అన్ని చుట్టలనూ మెషీన్‌కెక్కించి, విని, కంప్యూటర్లో భద్రం చేశారు.

వాటిలో ఏముందంటారా? పూర్తయిన సంగీతం కొంతే. మిగతాదంతా చిత్తు పని. ఒక స్వరాన్ని పదిరకాలుగా మార్చి చూసుకున్న ముక్కలు, సగంలో ఆపేసిన ప్రయత్నాలు, మధ్యమధ్య ఆవిడ మాటలు. నన్నడిగితే అసలు నిధి ఆ చిత్తే. ఎందుకో చెబుతాను, వినండి.

డెలియా 1937లో కొవెంట్రీ అనే ఊళ్ళో పుట్టింది. 1940 నవంబరులో ఆ ఊరి మీద జర్మన్ విమానాలు బాంబులు కురిపించాయి. అప్పుడు మోగిన సైరన్లే తనకు వింత శబ్దాల మీద ప్రేమ పుట్టించాయని పెద్దయ్యాక చెప్పుకుంది. కేంబ్రిడ్జిలో గణితం, సంగీతం రెండూ చదివింది. డెక్కా రికార్డుల కంపెనీకి ఉద్యోగం కోసం వెళితే, రికార్డింగ్ స్టూడియోల్లోకి ఆడవాళ్ళను తీసుకోము అన్నారు. ఆవిడ ఊరుకోలేదు. 1960లో బీబీసీలో చేరి, 1962లో అక్కడి రేడియోఫోనిక్ వర్క్‌షాప్‌కి వెళ్ళింది. నాటకాలకూ టీవీ కార్యక్రమాలకూ కావలసిన కొత్త శబ్దాలు తయారుచేసే విభాగం అది. మీటలు నొక్కితే ఎలక్ట్రానిక్ శబ్దాలిచ్చే మూగ్ సింథసైజర్ అప్పటికి ఇంకా పుట్టలేదు. ఆవిడ చేతిలో ఉన్నవల్లా టేపు రికార్డర్లు, పరికరాలను పరీక్షించడానికి కరెంటుతో స్వరం పుట్టించే ఆసిలేటర్లు, ఒక బ్లేడు.

టేపంటే ఏమిటో చూద్దాం. పావు అంగుళం వెడల్పున్న పొడుగాటి ప్లాస్టిక్ రిబ్బను. దానికి ఒకవైపు ఐరన్ ఆక్సైడ్ పొడి పూసి ఉంటుంది. మీరు మైకు ముందు మాట్లాడితే గాలిలో పుట్టిన కదలిక కరెంటులో హెచ్చుతగ్గులుగా మారుతుంది. ఆ కరెంటు రికార్డింగ్ హెడ్ అనే చిన్న విద్యుదయస్కాంతంలోకి వెళ్తుంది. దాని ముందు నుంచి రిబ్బను జరిగిపోతుంటే, ఆ క్షణాన ఎంత అయస్కాంత శక్తి ఉందో దాన్నిబట్టి రేణువులు కూడా అయస్కాంతాలై అలాగే ఉండిపోతాయి. తిరిగి వినేటప్పుడు కథ తిరగబడుతుంది. రేణువులు హెడ్ ముందు నుంచి కదులుతుంటే అక్కడి తీగచుట్టలో సన్నటి కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే అనే శాస్త్రవేత్త కనిపెట్టిన సూత్రమే ఇది. మన వీధిలో కరెంటు పోయినప్పుడు మోగే జనరేటరూ దీని మీదే నడుస్తుంది.

ఇక అసలు తమాషా వినండి. స్టూడియో టేపు సెకనుకు 15 అంగుళాలు, అంటే సుమారు 38 సెంటీమీటర్లు పరుగెడుతుంది. కాబట్టి ఒక సెకను శబ్దం 38 సెంటీమీటర్ల రిబ్బను. అర సెకను కావాలంటే 19 సెంటీమీటర్లు కొలిచి కత్తిరించడమే. కాలాన్ని స్కేలు పెట్టి కొలవొచ్చన్నమాట! లెక్కలు చదువుకున్న డెలియాకు ఇంతకన్నా ఏం కావాలి? తాళమంతా సెంటీమీటర్ల లెక్కలోకి వచ్చేసింది.

స్వరం సంగతీ అంతే. సెకనుకు 440 కంపనాలున్న స్వరాన్ని టేపు మీదికెక్కించి రెట్టింపు వేగంతో తిప్పితే 880 కంపనాలవుతుంది. అంటే సరిగ్గా ఒక స్థాయి పైకి, మధ్య షడ్జమం నుంచి తార షడ్జమానికి వెళ్ళినట్టు. సగం వేగంతో తిప్పితే మంద్రానికి దిగుతుంది. హార్మోనియం మీద ఒక్క మెట్టు పైకి జరగాలంటే వేగం సుమారు 6 శాతం పెంచాలి. ఒక్క చిక్కుంది. వేగం పెంచితే స్వరం నిడివి తగ్గిపోతుంది. అందుకని ముందే ఎంత పొడుగు రికార్డు చేసుకోవాలో కూడా లెక్కేసుకోవాలి.

1963లో బీబీసీవాళ్ళు 'డాక్టర్ హూ' అనే సీరియల్ మొదలుపెట్టారు. రాన్ గ్రెయినర్ అనే సంగీతకారుడు దాని బాణీ కాగితం మీద రాసిచ్చాడు. దాన్ని శబ్దంగా మార్చే పని డెలియాది, సాయం డిక్ మిల్స్. కింద దడదడమంటూ పోయే ఆ లయ కోసం ఒకే ఒక్క తీగను మీటి రికార్డు చేశారు. ఆ ఒక్క మీటునే రకరకాల వేగాలతో మళ్ళీ రికార్డు చేసి, కావలసిన స్వరాలన్నీ తెచ్చుకుని, ఒక్కొక్కటీ కోసి అతికించారు. పైన వినిపించే రాగం ఆసిలేటర్లది. వాటి మరను చేత్తో తిప్పుతూ స్వరాన్ని జార్చేవారు, లేపేవారు.

ఆ కోత కూడా చూడాలి మీరు. రిబ్బనును నిలువుగా కోయరు, ఏటవాలుగా కోస్తారు. నిలువుగా కోస్తే అతుకు దగ్గర టప్పుమని చప్పుడొస్తుంది. ఏటవాలుగా కోస్తే అతుకు హెడ్‌ను దాటే ఆ రెప్పపాటులో ఒక శబ్దం తగ్గుతుంటే రెండోది పెరుగుతుంది. చెవికి అతుకు తెలియదు. ఇలా తయారైన టేపులను వేర్వేరు మెషీన్ల మీద పెట్టి, అన్నిటినీ ఒకేసారి మొదలుపెట్టి, ఇంకో టేపు మీదికి కలిపి ఎక్కించారు. ఒకచోట లెక్క తప్పిందట. ఎక్కడో చెవికి అందలేదు. రిబ్బన్లను వరండా పొడుగునా పక్కపక్కనే పరిచి, అతుకులు ఎక్కడ కలవడం లేదో కళ్ళతో చూసి పట్టుకున్నారని అక్కడివాళ్ళు చెబుతారు.

గ్రెయినర్ అది విని ఆశ్చర్యపోయి, ఆవిడ పేరు కూడా ఉండాలని పట్టుబట్టాడు. వర్క్‌షాప్‌లో పనిచేసేవాళ్ళ పేర్లు వేయడం అప్పటి పద్ధతి కాదు. సీరియల్‌కు 50 ఏళ్ళు నిండిన 2013లో గానీ తెర మీద ఆ సంగీతానికి డెలియా పేరు పడలేదు. అప్పటికి ఆవిడ పోయి పన్నెండేళ్ళు. ఇది అన్యాయం పిల్లలూ, ఇందులో సందేహం లేదు.

ఆవిడకు బాగా ఇష్టమైన శబ్దం దేనిదో తెలుసా? బీబీసీలో వేలాడే ఒక పాత ఆకుపచ్చ రేకు లాంప్‌షేడ్‌ది. దాన్ని కొడితే ఖంగుమని చాలాసేపు మోగేది. సహారా ఎడారిలోని తువారెగ్ జనం మీద 1960ల చివర్లో వచ్చిన డాక్యుమెంటరీకి సంగీతం కావలసి వస్తే, ఆ మోతను రికార్డు చేసి మొదటి దెబ్బను తీసేసింది. అది ఏ వాయిద్యమో మన చెవి చాలావరకు ఆ మొదటి క్షణాన్ని బట్టే గుర్తుపడుతుంది. అది తీసేస్తే పియానో కూడా పియానోలా వినిపించదు. మిగిలిన మోతను ఆవిడ విడదీసి చూసింది. మీ నాయనమ్మ పులుసు ఒక్క చుక్క నాలిక మీద వేసుకుని ఏ దినుసు ఎంత పడిందో చెప్పేస్తుంది కదా, అలా. వీణ తీగలో మూలస్వరంతో కలిసి మోగే ఉపస్వరాల కంపనాలు దానికి రెండు రెట్లు, మూడు రెట్లు అంటూ వరసలో ఉంటాయి. రేకులో అలాంటి వరస ఉండదు, అందుకే ఆ మోత అంత వింతగా ఉంటుంది. ఆ మోతలో బాగా గట్టిగా వినిపించే పన్నెండు ఉపస్వరాలను ఎంచుకుని, వర్క్‌షాప్‌లోని పన్నెండు ఆసిలేటర్లతో ఆ శబ్దాన్ని మళ్ళీ పుట్టించింది. ఆ డాక్యుమెంటరీలోని ఒంటెల గిట్టల చప్పుడుకు తన గొంతునే రికార్డు చేసి, ఆ టేపును కోసి వాడుకుంది. శబ్దాన్ని ఇలా విడగొట్టవచ్చని ఫ్రెంచి గణితవేత్త ఫూరియే లెక్కలు చెబుతాయి. ఈవిడ దాన్ని బ్లేడుతో, చెవితో చేసి చూపించింది.

ఇప్పుడు చిత్తు దగ్గరికి రండి. పూర్తయిన సంగీతం వింటే ఎడారి కనిపిస్తుంది, లాంప్‌షేడ్ కనిపించదు. మనిషి ఎలా ఆలోచించిందో తెలియాలంటే చిత్తే వినాలి. 1960ల చివర్లో చేసిన ఒక చిన్న ముక్క ఆ అటక టేపుల్లో దొరికింది. దాన్ని పట్టించుకోవద్దనీ, ఊరికే సరదాకనీ డెలియాయే టేపు మీద చెబుతుంది. 2008లో అది బయటికొచ్చినప్పుడు ఆర్బిటల్ అనే డ్యాన్స్ సంగీత బృందంలోని పాల్ హార్ట్‌నల్ విని, అది వచ్చే వారం విడుదలయ్యే సంగీతంలా ఉందన్నాడు. ఆవిడ పక్కన పెట్టేసిన ముక్క నలభై ఏళ్ళ తర్వాత రాబోయే సంగీతాన్ని ముందే పట్టుకుంది. టేపు చెరిపేసి ఉంటే మనకీ సంగతే తెలిసేది కాదు.

అందుకే మీకొక పని చెబుతున్నాను. మన తెలుగిళ్ళలో ఇప్పటికీ పాత కాసెట్లున్నాయి. ఇంట్లో పెద్దవాళ్ళు పాడినవి, హరికథలు, ఊళ్ళో నాటకాలు, ఎవరో కీబోర్డు నేర్చుకుంటూ రికార్డు చేసుకున్నవి. కాసెట్ రిబ్బను వెడల్పు 4 మిల్లీమీటర్లు కూడా ఉండదు, సెకనుకు 5 సెంటీమీటర్లు కూడా కదలదు. అంత కొంచెం చోటులో ఉన్న శబ్దం మన తేమకూ బూజుకూ తట్టుకోలేదు. చుట్టలో ఒక పొర అయస్కాంతత్వం పక్క పొరకు అంటుకుని, పాట రాకముందే సన్నగా అదే పాట వినిపించడం కూడా మొదలవుతుంది. రిబ్బను అంటుకుపోయి ఉంటే లాగకండి, తెలిసినవాళ్ళకివ్వండి. బాగున్నవాటిని మంచి ప్లేయర్ మీద పెట్టి, సెకనుకు 44,100 సార్లకు తగ్గకుండా కొలిచే పద్ధతిలో కంప్యూటర్‌కెక్కించండి. ఎవరు పాడారు, ఎప్పుడు, ఎక్కడ అని ఫైలు పేరులోనే రాయండి. మీరు ఫోనులో పాడుతూ తప్పినవి కూడా వెంటనే చెరిపేయకండి. ఎందుకు తప్పారో తెలుసుకోవడానికి, ఎలా నేర్చుకున్నారో రేపు మీ పిల్లలకు వినిపించడానికి అవే పనికొస్తాయి.