రిమ్‌ఫైర్ బెంచ్‌రెస్ట్ రైఫిల్ గొట్టాలు

రిమ్‌ఫైర్ బెంచ్‌రెస్ట్ అనేది రైఫిల్‌ను బల్లపై ఆనించి, కూర్చుని, చిన్న తూటాలతో గురి చూసి కాల్చే క్రీడ. అమెరికా, ఐరోపా, ఆస్ట్రేలియాలలో దీని పోటీలు జరుగుతాయి. దూరము సాధారణంగా 50 గజాలు లేదా 50 మీటర్లు. ఒక కాగితంపై 25 గురులు ముద్రించబడి ఉంటాయి. ఒక్కొక్క గురికి ఒక్క గుండు మాత్రమే లెక్కకు వస్తుంది. పలు పోటీలలో గురికి పది చొప్పున గరిష్ఠంగా 250 మార్కులు ఉంటాయి. కనుక సగటు బాగున్నంత మాత్రాన చాలదు. 24 గుండ్లు నడిబొడ్డున తగిలి, ఒక్కటి దారి తప్పినా ఆ మార్కు పోయినట్లే. రైఫిల్ బల్లపై ఆని ఉండుట వలన కాల్చువాని చేతి వణుకు చాలా వరకు తొలగిపోతుంది. మిగిలేవి గాలి, తూటా, గొట్టము. ఈ వ్యాసంలో గొట్టమును, అందులోని గాడుల మెలికను ఎన్నుకొను పద్ధతి వివరించబడినది.

తూటా

ఈ క్రీడలో వాడునది .22 లాంగ్ రైఫిల్ తూటా. ఇది 1887లో అమెరికాలో రూపొందినది. భారతదేశంలో ఎన్.సి.సి. విద్యార్థులకు కాల్పుల శిక్షణ ఇచ్చేదీ, ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ పోటీలలో వాడేదీ ఈ తూటానే. ఇత్తడి తొడుగు అడుగున ఉన్న బోలు అంచులో ప్రేలుడు మసాలా ఉంటుంది. సూది ఆ అంచును నొక్కగానే మసాలా అంటుకొని మందు కాలుతుంది. అంచును ఆంగ్లంలో రిమ్ అంటారు. రిమ్‌ఫైర్ అను పేరు అందువలననే వచ్చింది. గుండు మెత్తని సీసముతో చేయబడి, పైన మైనము వంటి జిడ్డు పూత కలిగి ఉంటుంది. దీని బరువు సాధారణంగా 40 గ్రెయిన్లు, అనగా సుమారు 2.6 గ్రాములు.

పోటీ తూటాల వేగము సెకనుకు సుమారు 320 నుండి 330 మీటర్లు. ఇది ధ్వని వేగము కంటె కొద్దిగా తక్కువగా ఉండునట్లు నిర్ణయించబడినది. ధ్వని వేగమును దాటి మరల కిందకు దిగు గుండు ఆ సంధి సమయంలో కుదుపునకు లోనవుతుంది.

పెద్ద రైఫిళ్ళ క్రీడాకారులు తమ తూటాలను తామే తయారు చేసుకొని గొట్టమునకు తగినట్లు మార్చుకొనగలరు. రిమ్‌ఫైర్ తూటాను అట్లు తిరిగి నింపుటకు వీలు లేదు. కర్మాగారము ఇచ్చినదే వాడవలెను. అందుచేత ఇక్కడ గొట్టము ఎంపికకు ప్రాముఖ్యము ఎక్కువ.

మెలిక అనగా ఏమి?

గొట్టము లోపల సర్పిలాకారంలో చెక్కబడిన గాడులు గుండును తిప్పుతాయి. తిరుగుచున్న బొంగరము పడిపోకుండా నిలిచినట్లే, తిరుగుచున్న గుండు కూడా తలకిందులు కాకుండా ముందుకు సాగుతుంది. గాడి ఒక పూర్తి చుట్టు తిరుగుటకు ఎన్ని అంగుళాల పొడవు పట్టునో దానినే మెలికగా చెప్తారు. 16 అంగుళాలకు ఒక చుట్టు తిరిగితే అది "16 మెలిక". అంకె పెరిగిన కొద్దీ గుండు తిరుగుడు తగ్గుతుందని గమనించవలెను.

.22 లాంగ్ రైఫిల్‌కు ప్రామాణికమైన మెలిక 16 అంగుళాలు (సుమారు 406 మిల్లీమీటర్లు). సెకనుకు 325 మీటర్ల వేగంతో వెలువడు గుండు ఈ మెలికలో సెకనుకు సుమారు 800 చుట్లు, నిమిషానికి 48,000 చుట్లు తిరుగుతుంది.

గ్రీన్‌హిల్ సూత్రము

ఎంత మెలిక కావలెనో లెక్కించుటకు బ్రిటిష్ గణితవేత్త జార్జ్ గ్రీన్‌హిల్ 1879లో ఒక సులభ సూత్రమును ఇచ్చాడు. గుండు వ్యాసపు వర్గమును 150తో హెచ్చించి, గుండు పొడవుతో భాగిస్తే కావలసిన మెలిక అంగుళాలలో వస్తుంది. 40 గ్రెయిన్ల గుండు వ్యాసము సుమారు 0.223 అంగుళాలు, పొడవు సుమారు 0.46 అంగుళాలు. లెక్క చేయగా 16.2 వస్తుంది. ప్రామాణికమైన 16 మెలికకు ఇది చాలా దగ్గర.

ఈ సూత్రములో గుండు బరువు లేదు, పొడవు ఉన్నది. గుండు పొడవు పెరిగిన కొద్దీ వడి మెలిక కావలెను. మెక్సికోకు చెందిన అగీలా సంస్థ 60 గ్రెయిన్ల పొడవైన గుండుతో ఒక .22 తూటాను తయారు చేసింది. దానికి సుమారు 9 మెలిక కావలెను. సాధారణ గొట్టములో కాల్చినపుడు ఆ గుండు అడ్డం తిరిగి, కాగితంపై తాళపుచెవి రంధ్రము వంటి గుర్తును చేస్తుంది.

వడి మెలికా, నెమ్మది మెలికా?

బెంచ్‌రెస్ట్ క్రీడాకారులలో కొందరు 16కు బదులు 17, 18 మెలికలను కోరుకొంటారు. దీనికి కారణము గుండులోని అసమతౌల్యము. ఏ గుండుకూ గురుత్వ కేంద్రము సరిగా అక్షముపై ఉండదు. గొట్టములో ఉన్నంతసేపు ఆ కేంద్రము అక్షము చుట్టూ తిరుగుతుంది. మూతి దాటగానే, వడిసెలలో నుండి వదలిన రాయి వలె పక్కకు విసరబడుతుంది. ఏ పక్కకు అనేది మూతి వద్ద గుండు ఏ స్థితిలో ఉన్నదో దానిని బట్టి ఉంటుంది.

ఉదాహరణకు కేంద్రము 0.002 మిల్లీమీటర్లు తప్పి ఉన్నదనుకొంటే, 16 మెలికలో 50 మీటర్ల వద్ద గుండు సుమారు 1.55 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. 18 మెలికలో ఇది సుమారు 1.37 మిల్లీమీటర్లు. అనగా లాభము 0.2 మిల్లీమీటర్ల కంటె తక్కువ.

ఈ లాభమునకు తగిన నష్టము కూడా కలదు. గుండు స్థిరత్వము మెలిక వర్గమునకు విలోమ అనుపాతంలో ఉంటుంది. 16 నుండి 18కి మారితే స్థిరత్వము సుమారు 21 శాతము తగ్గుతుంది. చల్లని గాలి సాంద్రత ఎక్కువ కనుక, వేసవిలో చక్కగా నడచిన నెమ్మది మెలిక చలికాలంలో గుండును నిలపలేకపోవచ్చు. 16 మెలికలో ఇటువంటి భయము లేదు.

అడ్డగాలి ప్రభావము కూడా మెలికతో ముడిపడి ఉన్నది. కుడివైపు తిరుగు గాడులున్న గొట్టములో, ఎడమ నుండి వీచు గాలి గుండును కుడికి మాత్రమే కాక కొద్దిగా కిందకు కూడా తోస్తుంది. కుడి నుండి వీచు గాలి ఎడమకు, పైకి తోస్తుంది. వడి మెలికలో ఈ నిలువు కదలిక కొంచెము ఎక్కువ.

గొట్టము తయారీ

గాడులు వేయుటకు ముఖ్యంగా మూడు పద్ధతులు ఉన్నవి.

* కోత పద్ధతి: చిన్న ఉలి ఒక్కొక్క సారికి అతి పలుచని పొరను గీకుతూ గాడిని లోతు చేస్తుంది. ఉక్కులో ఒత్తిడి మిగలదు. సమయము ఎక్కువ పడుతుంది.
* బటన్ పద్ధతి: గాడుల అచ్చు గల గట్టి కార్బైడ్ బిళ్ళను రంధ్రములో లాగుతారు లేదా తోస్తారు. ఉక్కు నొక్కబడి గాడులు ఏర్పడతాయి. తరువాత వేడిచేసి ఒత్తిడిని తొలగించవలెను. రిమ్‌ఫైర్ గొట్టాలలో ఈ పద్ధతి ఎక్కువ.
* సమ్మెట పద్ధతి: అచ్చు కడ్డీ చుట్టూ గొట్టమును యంత్ర సమ్మెటలతో కొడతారు. పెద్ద సంఖ్యలో తయారీకి అనుకూలము.

ఏ పద్ధతిలో చేసినా, చివరకు సీసపు ముద్దకు రాపిడి పొడి పూసి లోపల రుద్ది నునుపు చేయుట మేలైన గొట్టాల లక్షణము.

ఎంపికలో చూడవలసినవి

గొట్టము ఎన్నికలో మెలిక అంకె కంటె లోపలి వ్యాసపు సమానత ముఖ్యము. దీనిని తెలుసుకొనుటకు మెత్తని సీసపు గుండును కడ్డీతో మెల్లగా తోసి చూస్తారు. బిగువు ఎక్కడ ఉన్నది, వదులు ఎక్కడ ఉన్నది అనేది చేతికే తెలుస్తుంది. తూటా గది నుండి మూతి వరకు ఒకే బిగువు ఉండవలెను, లేదా మూతి వైపు పోను పోను స్వల్పంగా బిగియవలెను. మూతి వద్ద వదులైతే సీసపు గుండు గాడులలో పట్టు కోల్పోతుంది. అట్టి గొట్టము ఏ మెలికదైనా పోటీకి పనికిరాదు. అందుచేత గొట్టపు కడ్డీలో మిక్కిలి బిగువైన చోటును ముందుగా గుర్తించి, మూతి అక్కడికి వచ్చునట్లు కోస్తారు. ఒకసారి మూతి కోసి, గది తొలిచిన తరువాత గొట్టమును పూర్వస్థితికి తేలేరు కనుక ఈ పరీక్ష ముందే జరగవలెను.

తూటా గది గొట్టపు అక్షముతో ఏకకేంద్రముగా ఉండుట, మూతి అంచు గీత లేకుండా ఉండుట కూడా అవసరము. పొడవు విషయంలో పెద్ద పట్టింపు లేదు. ఈ తూటాలోని కొద్దిపాటి మందు మొదటి 16-18 అంగుళాలలోనే తన పని ముగిస్తుంది. మిగిలిన పొడవు, మందము రైఫిల్ బరువు పరిమితిని, గొట్టపు కంపనమును బట్టి నిర్ణయిస్తారు.

తూటాతో పొత్తు

మంచి గొట్టము కూడా అన్ని తూటాలతో ఒకే తీరుగా నడవదు. ఒకే సంస్థ, ఒకే పేరుతో అమ్ము తూటాలలో కూడా ఒక్కొక్క తయారీ విడత ఒక్కొక్క రీతిగా ఉంటుంది. బ్రిటన్‌లోని ఈలీ, ఫిన్లాండ్‌కు చెందిన లాపువా సంస్థలు క్రీడాకారుల రైఫిళ్ళతో వివిధ విడతలను కాల్చి చూచు పరీక్షా కేంద్రాలను నడుపుచున్నవి. నచ్చిన విడతను క్రీడాకారులు ఏడాదికి సరిపడా ఒకేసారి కొని దాచుకొంటారు.

కొత్తగా గొట్టము కొనువారు 16 మెలికతో, సమానమైన లోపలి వ్యాసము గల గొట్టమును తీసుకొని, మిగిలిన ధనమును తూటాల పరీక్షకు ఉపయోగించుట మేలు. నెమ్మది మెలిక వలన కలుగు లాభము మిల్లీమీటరులో అయిదవ వంతు లోపే. సరిపడని తూటా విడత వలన కలుగు నష్టము దానికి ఎన్నో రెట్లు.

ఇవి కూడా చూడండి

* తుపాకి
* కోణీయ ద్రవ్యవేగము
* ఒలింపిక్ క్రీడలలో షూటింగ్