ఓడ జీతం, విమానం జీతం

విశాఖలో పైలట్ అంటే విమానం నడిపేవాడే కానక్కర్లేదు. డాల్ఫిన్స్ నోస్ పక్కన ఇరుకు దారిలోంచి ఓడను లోపలి హార్బరుకు చేర్చేవాడూ పైలటే. 1933లో రేవు తెరిచిన ఊరు కదా, సముద్రం ఉద్యోగాల లెక్క ఇక్కడ అందరికీ తెలుసు. "అబ్బాయి షిప్‌లో చేస్తాడు" అంటే ఎవరూ వివరం అడగరు. ఆరేడు నెలలు కనపడడు, ఆ తర్వాత రెండు మూడు నెలలు రోజూ సంచి పట్టుకుని పూర్ణా మార్కెట్‌లోనే ఉంటాడు.

విదేశీ విమాన సంస్థలో పైలట్ సంగతి అలా కాదు. అతను పూర్తిగా వెళ్లడు, పూర్తిగా రాడు.

మన ఊరి నుంచి రాత్రి పదకొండుకు సింగపూర్ విమానం లేచిందనుకోండి. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందు. అక్కడ కాపురముండే పైలట్ ఒంటికి అప్పటికే ఒకటిన్నర. నాలుగు గంటలు ఎగిరి, అక్కడ తెల్లవారుజాము ఐదున్నరకు దించాలి. రాత్రి రెండు నుంచి ఆరు దాకా మనిషి చురుకు బాగా తగ్గిపోతుందని విమానయాన నిబంధనలే ఒప్పుకుంటాయి. ఈ ప్రయాణమంతా దాదాపు ఆ వేళలోనే! ఇంటికి చేరేసరికి పిల్లలు స్కూలు బ్యాగులు సర్దుకుంటుంటారు. నాన్న మందపాటి కర్టెన్లు లాగి పడుకుంటాడు. కుక్కర్ విజిల్ కూడా వేయనివ్వరు.

ఉక్కునగరం ఇళ్లకు రాత్రంతా చేసే సి షిఫ్టు కొత్తేమీ కాదనొచ్చు. నిజమే, కానీ స్టీల్‌ప్లాంట్ షిఫ్టులు ఒక వరసలో తిరుగుతాయి. పైలట్ రోస్టర్‌కు ఆ వరస ఉండదు. పైగా సమయం గంట మారితే ఒళ్లు సర్దుకోవడానికి సుమారు ఒక రోజు కావాలంటారు. దుబాయ్ నుంచి న్యూయార్క్ వెళ్లినవాడు ఆ సర్దుబాటు మొదలయ్యేలోపే వెనక్కి బయలుదేరతాడు.

మరి ఎందుకు వెళ్తారు? యూఏఈలో జీతం మీద ఆదాయపు పన్ను లేదు. పెద్ద సంస్థల్లో ఇంటికీ పిల్లల చదువుకూ సాయం ఉంటుంది. పైలట్ చదువు అప్పేమో చిన్నది కాదు. విజయవాడలో పెరిగిన ఆనీ దివ్య ముప్ఫై ఏళ్లకే బోయింగ్ 777 కమాండర్ అయ్యారని అందరం గర్వంగా చెప్పుకుంటాం గానీ, ఆ చదువు కోసం ఇంట్లోవాళ్లు అప్పు చేశారన్నది అంతగా చెప్పుకోం. 200 గంటలు ఎగిరితే కమర్షియల్ లైసెన్సు వస్తుంది. కెప్టెన్ కావడానికి అవసరమైన పెద్ద లైసెన్సుకు 1500 గంటలు కావాలి.

నన్నడిగితే జీతం కన్నా ముందు చూడాల్సింది సీనియారిటీ నంబరు. చాలా సంస్థల్లో చేరిన తేదీని బట్టే అంతా. ఏ రూట్లు, ఏ పండక్కి సెలవు, కెప్టెన్ ఎప్పుడు అన్నవి ఆ నంబరే తేలుస్తుంది. సంస్థ మారితే సాధారణంగా మళ్లీ వరసలో ఆఖరున నిలబడాలి. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయినప్పుడు ఏళ్లతరబడి పోగేసుకున్న ఆ నంబర్లు ఒక్కరోజులో విలువ లేకుండా పోయాయి.

గల్ఫ్‌లో ఇంకో మెలిక ఉంది. నివాస వీసా ఉద్యోగానికే ముడిపడి ఉంటుంది. 2020లో కోవిడ్ వల్ల అక్కడి సంస్థలు వందలమంది పైలట్లను తీసేశాయి. ఉద్యోగంతో పాటే కంపెనీ ఇల్లూ, పిల్లల స్కూలూ, ఆ దేశంలో ఉండే హక్కూ ప్రశ్నార్థకమయ్యాయి. ఓడ మీదివాడికి ఈ బాధ లేదు. కాంట్రాక్టు పోయినా అతని కాపురం విశాఖలోనే కదా.

ఇక అమ్మానాన్నల దగ్గరికి రావడం. సిబ్బందికి టికెట్లు చవగ్గానే ఇస్తారు, అయితే చాలావరకు స్టాండ్‌బై. డబ్బు కట్టినవాళ్లంతా ఎక్కాక సీటు మిగిలితేనే. సంక్రాంతికి దుబాయ్ నుంచి హైదరాబాద్ వచ్చే విమానాల్లో సీటు మిగలడం ఎంత అరుదో తెలిసిందే. మూడు వందల మందిని మోసుకెళ్లే విమానం నడిపే కెప్టెన్, భోగి ముందు రాత్రి దుబాయ్‌లో గేటు దగ్గర మామూలు చొక్కాలో కూర్చుని, తన పేరు పిలుస్తారా లేదా అని కౌంటర్ వైపే చూస్తుంటాడు. ఇక్కడ విశాఖ ఎంవీపీ కాలనీలో అమ్మ అరిసెలు డబ్బాలో సర్దుతూ, "ఎక్కావా?" అని మెసేజ్ పెడుతుంది.