ల్యాబ్ టెక్నీషియన్ చదువుకు పైసలు కట్టేముందు ఏం అడగాలె?

ఇంటర్ రిజల్ట్స్ వచ్చినయంటే చాలు, మండల కేంద్రాల బస్టాండు గోడలకు ఒకే తీరు ఫ్లెక్సీలు వేలాడుతయి. ‘డీఎంఎల్‌టీ చెయ్యండి, వందశాతం ఉద్యోగం’ అని పెద్దక్షరాలు, కింద ఒక సెల్ నంబర్. తెల్లకోటు ఏసుకున్న అమ్మాయి ఫొటో, ఆమె ముందట మైక్రోస్కోపు. ఆ మైక్రోస్కోపు నిజంగ ఆ కాలేజీల ఉన్నదా లేదా అని ఎవ్వరూ అడగరు. నీట్ ర్యాంకు రానోళ్లు, నర్సింగ్ సీటు దొరకనోళ్లు, పిల్లలను ఏదో ఒక దారికి పెట్టాలని తండ్లాడే తల్లిదండ్రులు ఆ నంబర్‌కు ఫోన్ కొడుతరు. అవతలోడు ముందుగాల అడిగేది మార్కులు కాదు, ‘అడ్వాన్స్ ఎంత కడ్తరు’ అని.

ఈ చదువు వద్దని నేను చెప్తలేను. మన ఊర్లకు బాగ అక్కరకొచ్చే చదువు ఇది. కానీ ఈ పని అంటే ఏందో, అది ఎట్ల నేర్చుకుంటరో తెల్వకుంట పైసలు కట్టుడే మోసపోవుడికి మొదటి మెట్టు. అందుకే ముందుగాల పని గురించి చెప్త.

చానామంది ఏమనుకుంటరంటే, ‘ఇప్పుడన్నీ మిషన్లే గదా, నెత్తురు పోస్తే రిపోర్టు అదే వస్తది’ అని. మిషన్ దాకా పోయిన నెత్తురుకు మిషన్ లెక్క చెప్తది, నిజమే. అయితే ల్యాబుల జరిగే తప్పులు ఎక్కువ మట్టుకు మిషన్‌ల జరగయి. నెత్తురు తీసేకాడ, ట్యూబుల పోసేకాడ, పేరు రాసేకాడ, బండిల పంపేకాడ జరుగుతయి. అక్కడ ఉండేది మనిషి చెయ్యే.

షుగర్ పరీక్షనే తీసుకోండి. పొద్దుగాల 8 గంటలకు పీహెచ్‌సీల ఒక అవ్వ నెత్తురు తీసిండ్రు. మామూలు ఎర్రమూత ట్యూబుల పోసి పక్కకు పెట్టిండ్రు. జిల్లా ల్యాబుకు పోయే బండి మధ్యాహ్నం వచ్చింది. నెత్తుర్ల ఉండే కణాలు మనిషి ఒంట్లకెల్లి బయటకొచ్చినంక సుత బతికే ఉంటయి, ఆ చక్కెరనే తింటయి. మామూలు వేడిల గంటకు 5 నుంచి 7 శాతం దాక షుగర్ పడిపోతది. తీసినప్పుడు 180 ఉన్నది నాలుగు గంటలు దాటినంక 150కి కిందనే చూపియ్యొచ్చు. ‘నీకు షుగర్ కంట్రోల్‌ల ఉన్నదవ్వా’ అని మందు పెంచకుంట పంపిస్తరు. మిషన్ అబద్ధం చెప్పలే. ట్యూబు తప్పు. షుగర్‌కు బూడిదరంగు మూత ట్యూబు వాడాలె, అండ్ల ఫ్లోరైడ్ ఉంటది, అది కణాలను ఆపుతది. ఆ మందు సుత వెంటనే పనిజెయ్యదు, మొదట్ల కొంచెం పడనే పడ్తది. అందుకే నెత్తురు జల్ది వేరుచెయ్యాలె, జల్ది పంపాలె.

ఊదారంగు మూత ట్యూబుల ఈడీటీఏ ఉంటది. నెత్తురు గడ్డకట్టకుంట కాపాడుతది, హిమోగ్లోబిన్, కణాల లెక్క అండ్లనే చూస్తరు. ఆ ఈడీటీఏల పొటాషియం ఉప్పు ఉంటది. పని తెల్వనోడు ఏంజేస్తడంటే, వేరే ట్యూబుల నెత్తురు తక్కువైతే ఊదామూత ట్యూబులకెల్లి కొంచెం వంపుతడు. దాంతోని ఆ మనిషి పొటాషియం ప్రాణం మీదికొచ్చినంత ఎక్కువ చూపిస్తది, కాల్షియం మస్తు తక్కువ చూపిస్తది. డాక్టర్ కంగారుపడ్తడు, ఇంటోళ్లు ఏడుస్తరు, అంబులెన్స్‌ల హైదరాబాద్ తీస్కపోతరు. లేని రోగానికి ఉన్న పైసలు పోతయి.

లేత నీలం మూతది గడ్డకట్టే పరీక్షలకు. అండ్ల సిట్రేట్ ఒక వంతు ఉంటే నెత్తురు సరిగ్గ తొమ్మిది వంతులు పడాలె. సగం నింపితే రిపోర్టు తప్పు. అందుకే అన్ని ట్యూబులు తియ్యాల్సొస్తే ఒక వరుస ఉంటది: ముందు నీలం, అటెన్క ఎరుపు లేదా పసుపు, ఆకుపచ్చ, ఊదా, ఆఖరికి బూడిద. ఒకదాంట్లది ఇంకోదాంట్లకు అంటొద్దని ఆ వరుస. రెక్కకు కట్టే పట్టీ నిమిషం కంటె ఎక్కువ ఉంచొద్దు. సన్నసూదితోని గుంజి, సిరంజి గట్టిగ ఒత్తి ట్యూబుల పోస్తే కణాలు పగులుతయి, మళ్ల పొటాషియం పెరుగుతది.

ఇగ పేరు సంగతి. మన వార్డులల్ల ముగ్గురు లక్ష్ములు, ఇద్దరు మల్లయ్యలు ఉండుడు మామూలే. నెత్తురు తీసినంక మంచం కాడనే, ఆ మనిషి ముందటనే, పేరుతోని పాటు వయసో నంబరో ఇంకో గుర్తు చూసి రాయాలె. ‘బల్ల కాడికి పోయి రాస్త’ అనుకున్నోడు ఏదో ఒకనాడు ఒకరి నెత్తురు మీద ఇంకొకరి పేరు రాస్తడు. బ్లడ్ గ్రూపు పరీక్షల ఆ తప్పు జరిగితే కాన్పుకొచ్చిన ఆడబిడ్డ పానం పోతది.

మైక్రోస్కోపు పని ఇంకో ఎత్తు. మలేరియా లేదని చెప్పాలంటే మందపు పూతల కనీసం 100 ఫీల్డులు చూడాలె. టీబీ తెమడ స్లైడు సుత అంతే, ఎర్రరంగు ఎక్కించి, ఆసిడ్‌తోని కడిగి, నీలం రంగు ఏసి, ఆయిల్ లెన్స్ కింద 100 ఫీల్డులు. పది చూసి ‘నెగటివ్’ అని రాసేటోళ్లున్నరు. ఆ నెగటివ్ మనిషి ఇంటికి పోయి ఇంట్ల పిల్లలందరికీ అంటిస్తడు. మన బేగంపేటలనే 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపుల మలేరియా క్రిమిని చూసిండు. ఓపికతోని ఒక్కో దోమను కోసి చూసుకుంట కూసుంటే దొరికింది అది. ఆదిలాబాద్, భద్రాద్రి దిక్కు మన గిరిజన గూడేలల్ల ఇయ్యాల సికిల్‌సెల్ పరీక్షలు చేస్తున్నది సుత ఇట్ల ఓపిక పట్టే చేతులే.

ఉచ్చ, దొడ్డి, తెమడ పట్టుకునే పని అని ముక్కు ఇరిచేటోళ్లు ఉంటరు. ఉండనీయండి. వాళ్లకు జ్వరమొస్తే వాళ్ల సీసా సుత మన బల్ల మీదికే వస్తది.

ఇదంతా ఎందుకు చెప్పినంటే, ఇండ్ల ఒక్కటి సుత పుస్తకం చదివితే రాదు. గాజుబొమ్మ రెక్కల సూది గుచ్చితే రాదు. రోజుకు పదుల మంది నెత్తురు తీసే దవాఖాన కావాలె. ముసలోళ్ల నరం దొరకదు, పసిపిల్ల చెయ్యి ఆగదు, భయపడ్డోడు సూది చూసి కండ్లు తిరిగి పడ్తడు. అవన్నీ చూసి, పెద్ద టెక్నీషియన్ పక్కన నిలబడి చేస్తేనే చెయ్యి తిరుగుతది.

కేంద్రం 2021ల అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ కమిషన్ చట్టం తెచ్చింది. టెక్నీషియన్ అనాలంటే డిప్లొమా అయినా డిగ్రీ అయినా 2,000 గంటలకు తక్కువ ఉండొద్దని, అది 2 నుంచి 4 ఏండ్లల్ల జరగాలని అండ్ల రాసి ఉన్నది. లెక్క కట్టుకోండి. రోజుకు 6 గంటలేసుకున్నా 333 రోజులు. ఇప్పుడు ఆ ఫ్లెక్సీ మీది నంబర్‌కు ఫోన్ చేస్తే ఏమంటరు? ‘రానక్కర్లేదు తమ్మీ, అటెండెన్స్ మేం చూస్కుంటం, పరీక్షలప్పుడు వస్తే చాలు.’ ఊర్ల పని చేసుకుంట చదువుకోవచ్చని మనకు సంబురమైతది. వాడు అమ్ముతున్నది ఆ 333 రోజులను ఎగ్గొట్టుడు. అవి ఎగ్గొట్టినోడే రేపు బూడిదమూత బదులు ఎర్రమూత పట్టుకుంటడు.

దారులు మూడున్నయి. ఇంటర్ అయినంక రెండేండ్ల డీఎంఎల్‌టీ. తెలంగాణల పారామెడికల్ బోర్డు నోటిఫికేషన్ ఇస్తది, ఇంటర్ మార్కుల మీద సీట్లు, బైపీసీ చదివినోళ్లకు ముందు, అటెన్క మిగితా గ్రూపులు. సర్కారు కాలేజీలల్ల, ప్రైవేటు కాలేజీల కన్వీనర్ కోటాల ఫీజు తక్కువ, మేనేజ్‌మెంట్ కోటాల ఎక్కువ. రెండోది డిగ్రీ, వరంగల్ కాళోజీ హెల్త్ యూనివర్సిటీ కింద ఉంటది. మూడు నాలుగేండ్లు పడ్తది, అయితే ముందుకు పీజీ చెయ్యాలన్నా, పెద్ద ల్యాబుల ఎదగాలన్నా ఇదే మంచిగుంటది. ఇంట్ల ఎళ్లదీసుకునే తీరు ఉంటే డిగ్రీకే పొమ్మంట నేను. మూడోది పది అయినంక ఇంటర్ ఒకేషనల్‌ల ఎంఎల్‌టీ. పేద పిల్లలకు తొందరగ అందే దారి, కానీ రెండేండ్లు సదివినంక సర్కారు దవాఖానల ఏడాది ట్రైనింగ్ చేస్తేనే అది ఉద్యోగానికి పనికొస్తది. ఆ ఏడాది సంగతి చెప్పకుంట ఇంటర్ సర్టిఫికెట్ చేతుల పెట్టి పంపే కాలేజీలున్నయి, జర పైలం.

ఏ దారిల పోయినా ఆఖరికి పారామెడికల్ బోర్డుల పేరు ఎక్కాలె. రిజిస్ట్రేషన్ లేనిది సర్కారు ఉద్యోగానికి అప్లై చెయ్యరాదు. మా దిక్కు ఒక చెల్లె, పేరు రాయను, వేరే రాష్ట్రపు ‘కౌన్సిల్’ సర్టిఫికెట్ పట్టుకొని వచ్చింది. రెండేండ్లు, తండ్రి అమ్మిన రెండు బర్రెల పైసలు. కాయితం మీద బంగారురంగు ముద్ర ఉన్నది, నంబరున్నది, బోర్డుల మాత్రం ఎక్కలేదు. ఆ సంస్థకు ఫోన్ చేస్తే నంబర్ మారింది. ఇప్పుడు ఆమె టౌన్‌ల ఒక ల్యాబుల రిసెప్షన్‌ల కూసుంటున్నది.

ఉద్యోగాల ముచ్చట ఉన్నదున్నట్టు చెప్పుకోవాలె. 2024 సెప్టెంబర్‌ల మెడికల్ రిక్రూట్‌మెంట్ బోర్డు 1,284 గ్రేడ్-2 ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది, నవంబర్ 10న పరీక్ష పెట్టింది. మూలవేతనం 32,810 నుంచి మొదలు. మార్కులు 100ల 80 పరీక్షకు, మిగిలిన 20 సర్కారు దవాఖానలల్ల కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ కింద పనిచేసినోళ్ల సర్వీసుకు. గిరిజన ప్రాంతంల చేసినోళ్లకు పాయింట్లు జల్ది వస్తయి. ఏండ్లకేండ్లు తక్కువ జీతానికి చేసినోళ్లకు ఆ 20 ఇచ్చుడు న్యాయమే. కానీ ఫ్రెష్‌గ బయటకొచ్చినోళ్లకు దాని అర్థమేందంటే, పరీక్షల మస్తు మార్కులు రావాలె, లేకుంటే ముందుగాల కాంట్రాక్టుల చేరాలె. నోటిఫికేషన్లు ఏటేటా రావు. 2018ల తెలంగాణ డయాగ్నస్టిక్స్ మొదలైనంక పీహెచ్‌సీలకెల్లి నెత్తురు హబ్‌లకు పోవుడు, ఫ్రీగ పరీక్షలు జరుగుడు పెరిగింది. పని పెరిగిన కాడ పర్మనెంట్ పోస్టులు పెంచాలె గదా అని అడుగుడు మన హక్కు. రోజంతా వందల ట్యూబులు చూసే మనిషిని ఏజెన్సీ కింద పెట్టి, జీతం రెండు నెలలకోసారి ఇస్తే చెయ్యి వణుకుతది, తప్పులైతయి. ప్రైవేటుల ఎంత ఇస్తరో ఫ్లెక్సీ చెప్పదు. మీ పక్క టౌన్‌ల రెండు ల్యాబులకు పోయి అక్కడ చేసే అన్ననో అక్కనో అడగండి, పది నిమిషాల పని.

‘సొంత ల్యాబ్ పెట్టుకోవచ్చు’ అని ఆశపెడ్తరు. టెక్నీషియన్ ఒక్కడే సంతకం పెట్టి రిపోర్టు ఇయ్యరాదు, డాక్టర్ ఉండాలె. సుప్రీంకోర్టు సుత 2017 డిసెంబర్‌ల రిపోర్టు మీద పాథాలజీ డాక్టర్ సంతకం కావాలనే చెప్పింది. డాక్టర్ సంతకాన్ని కిరాయికి తెచ్చుకునే ల్యాబుల పనికి కుదిరితే కేసు రేపు మీ మీదికే వస్తది.

అందుకే కాలేజీకి పోయినప్పుడు బిల్డింగ్ చూడకండి, దవాఖాన అడగండి. ఏ దవాఖానతోని ఒప్పందం ఉన్నది, ఎన్ని పడకలు, రోజు ఎన్ని శాంపిళ్లు వస్తయి, మనల్ని ఏ నెలకెల్లి పంపుతరు? ఆ దవాఖానకు మీరే పోయి, ఈ కాలేజీ పిల్లలు వస్తున్నరా అని అక్కడి టెక్నీషియన్‌ను అడగండి. ఈ ఏడాది బోర్డు గుర్తింపు కాయితం చూపియ్యమనండి, పోయినేడాదిది కాదు. పాసైన పిల్లల్ల ఇద్దరి నంబర్లు అడగండి. ఈపాస్ వస్తదా రాదా అన్నది నోటిమాట కాకుంట రాసియ్యమనండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేటప్పుడు రసీదు తీసుకోండి. ఫీజు బాకీ అని మెమోలు గుంజి పెట్టుకున్న కాలేజీల కోసం మేం ధర్నాలు చేసిన రోజులున్నయి. రసీదు ఉన్నోళ్ల సర్టిఫికెట్లు ముందు బయటికొచ్చినయి.

ఇంకోటి, కాలేజీల చేరినోళ్లకు. నెత్తురుతోని పని మొదలుపెట్టకముందే హెపటైటిస్-బి టీకా ఏసుకోవాలె. మూడు డోసులు: ఇయ్యాల ఒకటి, నెలకు ఒకటి, ఆరో నెలల ఒకటి. టీకా లేనోళ్లకు హెపటైటిస్-బి ఉన్న మనిషి సూది గుచ్చుకుంటే అంటే ముప్పు 100ల 30 దాక ఉంటది, హెచ్‌ఐవీ అయితే 1,000ల 3. వాడిన సూదికి మళ్ల మూత పెట్టకండి, గుచ్చుకునేది ఎక్కువ అప్పుడే. సూది నేరుగ తెల్ల డబ్బాల ఎయ్యాలె, ఇంకో సంచిల కాదు. గుచ్చుకుంటే ఒత్తి నెత్తురు తియ్యకండి, సబ్బునీళ్లతోని కడగండి, సిగ్గుపడి దాచిపెట్టకుంట అదే గంటల ఇన్‌చార్జికి చెప్పండి. హెచ్‌ఐవీ రాకుంట ఇచ్చే మందులు 72 గంటల లోపల మొదలుపెట్టాలె, ఎంత జల్ది అయితే అంత మంచిది, 28 రోజులు వాడాలె. ట్రైనింగ్ పిల్లలకు టీకా ఎవరు ఏపిస్తరు, గుచ్చుకుంటే మందులు ఎవరిస్తరు అని కాలేజీని అడ్మిషన్ రోజునే అడగండి.